బల్లా గ్లోబూ లేని పండితుడి పటం: హన్నెమాన్ వేసిన హైగెన్స్ కుటుంబం

ఇంటర్ రెండో ఏడాది ఫిజిక్స్‌లో హైగెన్స్ సూత్రం చదవని సైన్సు విద్యార్థి ఉండడు. తరంగాగ్రం మీది ప్రతి బిందువూ మళ్లీ ఒక తరంగానికి పుట్టిల్లు అని బట్టీ పట్టి, రెండు బొమ్మలు గీసి, మార్కులు తెచ్చుకుని మర్చిపోతాం. ఆ హైగెన్స్‌కి పదీ పదకొండేళ్ల వయసప్పుడు ముఖం ఎలా ఉండేదో చూడాలంటే నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరానికి, మౌరిత్స్‌హౌస్ మ్యూజియానికి వెళ్లాలి. అక్కడ 1640లో ఆద్రియాన్ హన్నెమాన్ వేసిన తైలవర్ణ చిత్రం ఒకటి ఉంది. ఎత్తు 204 సెంటీమీటర్లు, వెడల్పు 174. మధ్యలో తండ్రి కాన్‌స్టాంటైన్ హైగెన్స్, చుట్టూ విడివిడి గుండ్రాల్లో ఐదుగురు పిల్లలు. పైన కుడివైపు గుండ్రంలో ఉన్నవాడే మన ఫిజిక్స్ పుస్తకంలోని క్రిస్టియాన్.

మొదటిసారి చూసినవాళ్లకు ఇది కాస్త నిరాశే. డచ్చి కుటుంబ చిత్రం అనగానే మనసులో మెదిలేది వేరు. నలుపు తెలుపు పలకల నేల, కిటికీలోంచి పడే వెలుతురు, బల్ల మీద తివాచీ, తల్లి ఒళ్లో పసివాడు, మూల ఒక కుక్క. ఇక్కడ అవేవీ లేవు. గది లేదు, నేల లేదు, ఒకరి చెయ్యి ఇంకొకరి భుజం మీద లేదు. మన ఇళ్లలో హాలు గోడకి ఒకే ఫ్రేములో ఆరేడు పాస్‌పోర్టు ఫొటోలు అతికించి వేలాడదీసేవారు చూడండి, ఆ వరసలో ఉంటుంది. పైగా ఆ కాలపు హాలండులో పెద్ద పండితుల్లో ఒకరి కుటుంబం ఇది. అయినా చదువుకు గుర్తుగా పెట్టే సరంజామా, అంటే గ్లోబు, పుస్తకాల బల్ల, వాద్యాలు, ఒక్కటీ కనబడదు. నాకు ఈ చిత్రంలో ఆసక్తి అంతా ఆ లేకపోవడం దగ్గరే మొదలవుతుంది.

కాన్‌స్టాంటైన్ హైగెన్స్‌కి పుస్తకాలకేం కరువు లేదు. 1596లో హేగ్‌లో పుట్టాడు. 1625 నుంచి ఆరెంజ్ రాజవంశపు ఫ్రెడెరిక్ హెండ్రిక్‌కి కార్యదర్శి. లాటిన్, ఫ్రెంచి, డచ్చి భాషల్లో కవిత్వం రాశాడు, లూట్ అనే తీగ వాద్యం వాయించాడు, సంగీతం కూర్చాడు. తత్వవేత్త దెకార్త్‌తో ఉత్తరాలు నడిపాడు. చిత్రకారుడు రెంబ్రాంట్ ఇంకా లైడెన్‌లో గడ్డం సరిగ్గా రాని కుర్రాడుగా ఉన్నప్పుడే ఆ కుర్రాడి పనితనం ఎంతటిదో హైగెన్స్ గుర్తించి రాసిపెట్టాడు. రెంబ్రాంట్ చేతిరాతతో ఈ రోజుకి మిగిలిన ఉత్తరాలు ఏడంటే ఏడు, ఏడూ ఈయనకు రాసినవే. వాటిలో ఎక్కువ భాగం డబ్బు ఎప్పుడిస్తారనే గోల.

ఇలాంటి మనిషిని చిత్రకారులు మామూలుగా ఎలా చూపిస్తారో తెలుసుకోవాలంటే ఆయనవే మరో మూడు చిత్రాలు పక్కన పెట్టుకోవాలి. 1627లో తోమస్ డె కైసర్ ఓక్ చెక్క మీద వేసింది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. 92 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న చిన్న చిత్రం. అందులో అన్నీ ఉన్నాయి: తివాచీ పరిచిన బల్ల, గోళాలు, పొడవాటి మెడ ఉన్న లూట్ జాతి వాద్యం, కాగితాలు, ఉత్తరం అందిస్తున్న గుమస్తా. పండితుడి చిత్రానికి కావాల్సిన సామాను జాబితా ఎవరికైనా కావాలంటే అదొక్కటి చూస్తే చాలు.

రెండోది 1628-29 ప్రాంతంలో యాన్ లీవెన్స్ వేసింది, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో చూడొచ్చు. ఇందులో సామాను తక్కువ, ముఖమే ప్రధానం. ఈ చిత్రం ఎలా తయారైందో హైగెన్స్ స్వయంగా రాసుకున్నాడు, అది చిత్రకళ మీద ఆసక్తి ఉన్నవాళ్లకు బంగారం లాంటి సమాచారం. చలికాలం పగలు తక్కువ కాబట్టి లీవెన్స్ ముందు బట్టలూ చేతులూ వేసుకుని, ముఖం వసంతంలో వేద్దామని ఆపేశాడు. తీరా ఆగలేక అనుకున్నదానికంటే ముందే వచ్చి ముఖం పూర్తి చేశాడు. చూసినవాళ్లు మరీ ఆలోచనలో మునిగినట్టున్నావేమిటయ్యా అంటే, తప్పు చిత్రకారుడిది కాదు, అప్పట్లో ఇంటి వ్యవహారం ఒకటి నా బుర్ర తినేస్తోంది అని హైగెన్స్ ఒప్పుకున్నాడు. ముఖం వేరు, దుస్తులు వేరు, వేర్వేరు రోజుల్లో వేసే పని అని ఇక్కడ గుర్తు పెట్టుకోండి, కిందికి వెళ్లాక పనికొస్తుంది.

మూడోది యాకోబ్ వాన్ కాంపెన్ 1635 ప్రాంతంలో వేసిన దంపతుల చిత్రం, ఇదీ మౌరిత్స్‌హౌస్‌లోనే ఉంది. హైగెన్స్, భార్య సుజానా వాన్ బార్లె ఒకే సంగీతపు కాగితాన్ని చెరో చేత్తో పట్టుకుని ఉంటారు. మన ఫొటో స్టూడియోల్లో పక్కపక్కన బిగుసుకుని కూర్చున్న దంపతుల కంటే ఇది చాలా దగ్గరితనం ఉన్న భంగిమ. ఇద్దరికీ పెళ్లయింది 1627లో. భార్యని ఆయన 'స్టెర్రె' అని పిలిచేవాడు. డచ్చిలో ఆ మాటకు నక్షత్రం అని అర్థం. కాపురం గురించి, తన దినచర్య గురించి ఆమెను ఉద్దేశించి ఒక పెద్ద పద్యం మొదలుపెట్టాడు. హేగ్‌లో ప్లైన్ అనే చౌకులో పెద్ద ఇల్లు కట్టించడమూ మొదలుపెట్టాడు. ఇల్లు 1637లో పూర్తయింది. ఆ ఏడాది మార్చిలో ఐదో కాన్పులో కూతురు పుట్టింది, ఆమెకీ సుజానా అనే పేరు పెట్టారు. మే నెలలో తల్లి చనిపోయింది. పద్యం సగంలోనే ఆగిపోయింది. కొత్త ఇంట్లోకి తండ్రీ ఐదుగురు పిల్లలే దిగారు, ఇల్లు చూసుకోవడానికి బంధువుల ఆవిడ ఒకావిడ వచ్చింది.

హన్నెమాన్ చిత్రం ఇది జరిగిన మూడేళ్లకు వేసింది. పెద్దవాడు కాన్‌స్టాంటైన్ 1628లో పుట్టాడు, క్రిస్టియాన్ 1629లో, లోడెవైక్ 1631లో, ఫిలిప్స్ ఆ తర్వాతి ఏళ్లలో. చిన్నది సుజానాకు మూడేళ్లు.

ఇప్పుడు గుండ్రాల సంగతి. భార్య లేని ఇంటిని కుటుంబ చిత్రంగా వేయడం ఆనాటి డచ్చి చిత్రకారుడికి నిజంగానే చిక్కు. ఎందుకంటే ఆ చిత్రాల్లో కూర్చునే చోటుకి గట్టి కట్టుబాటు ఉంది. భర్త భార్యకు కుడిపక్కన, అంటే చూసే మనకు ఎడమవైపు. భార్య మనకు కుడివైపు. విడివిడి జంట చిత్రాలుగా వేయించినా గోడ మీద ఇదే క్రమం. పిల్లలుంటే చాలా చిత్రాల్లో కొడుకులు తండ్రి పక్కకు, కూతుళ్లు తల్లి పక్కకు చేరతారు. ఈ అమరికలో తల్లిని తీసేస్తే మనకు కుడివైపు సగం కూలిపోతుంది. చూసినవాడి కన్ను ఠక్కున ఆ ఖాళీ మీదే పడుతుంది.

దీనికి ఆ కాలంలో దారులు లేకపోలేదు. పోయినవాళ్లను బతికున్నవాళ్లతో కలిపి కూర్చోబెట్టేయడం ఒకటి. వెనక గోడకి వేలాడే చిత్రంలో చూపించడం ఇంకొకటి. పోయింది పసిపిల్లలైతే రెక్కలు తొడిగి మబ్బుల్లో ఎగిరించడం మరొకటి. హేగ్ చిత్రకారుడే అయిన యాన్ మైటెన్స్ 1652లో విల్లెమ్ వాన్ డెన్ కెర్క్‌హోవెన్ కుటుంబాన్ని వేసినప్పుడు బతికున్న పిల్లలు తల్లిదండ్రుల చుట్టూ, పోయిన పిల్లలు పైన దేవదూతలుగా ఉంటారు. ఆ తర్వాత ఇంకో బిడ్డ పుడితే 1655లో మళ్లీ బ్రష్షు పట్టుకుని ఆ బిడ్డనీ చేర్చారు. అది హేగ్ చరిత్ర మ్యూజియంలో ఉంది.

హన్నెమాన్, హైగెన్స్ కలిసి ఈ దారులేవీ పట్టలేదు. గదినే తీసేశారు. గది లేకపోతే ఎడమ కుడి కుర్చీలు లేవు, కుర్చీలు లేకపోతే ఖాళీ కుర్చీ లేదు. తండ్రి నడిమధ్య గుండ్రంలోకి వచ్చాడు. నన్నడిగితే ఈ అమరికలోని అసలు తెలివి అదే. పదిమందీ దీన్ని పాతకాలపు బిగుసుకుపోయిన పద్ధతి అని దాటేస్తారు కానీ, హన్నెమాన్‌కి పాతపద్ధతి తప్ప మరొకటి చేతకాదనడానికి లేదు. ఆయన దాదాపు పన్నెండేళ్లపాటు లండన్‌లో ఉండి, చిత్రకారుడు వాన్ డైక్ పనిని దగ్గర నుంచి చూసి, 1638 ప్రాంతంలో తిరిగొచ్చినవాడు. పట్టుబట్ట జారే తీరు, గాల్లో తేలే చేతివేళ్లు, అన్నీ ఆయనకు వచ్చు. ఇక్కడ కావాలనే మానుకున్నాడు.

చిత్రం మీద లాటిన్‌లో 'ఎక్కె హెరెదితాస్ దోమిని' అని, పక్కన 1640 అని రాసి ఉంటుంది. బైబిల్లో 127వ కీర్తన మూడో వచనం అది. తెలుగు బైబిల్ చదివేవాళ్లకు కొట్టినపిండి: 'కుమారులు యెహోవా అనుగ్రహించు స్వాస్థ్యము'. స్వాస్థ్యం అంటే అక్కడ ఆరోగ్యం కాదు, వంతుకొచ్చిన ఆస్తి. ఇప్పుడు గ్లోబు, పుస్తకాలు ఎందుకు లేవో చూడండి. డె కైసర్ చిత్రంలో బల్ల మీద పరిచి చూపించిన ఆస్తి స్థానంలో ఇక్కడ ఐదు ముఖాలున్నాయి. తండ్రి ఆ ఆస్తిని ఎంత లెక్కగా పెంచాడంటే, పిల్లల చదువూ ఎదుగుదలా ఎప్పటికప్పుడు రాసిపెట్టుకున్నాడు. ఇంట్లోనే మాస్టారు, లాటిన్, లెక్కలు, సంగీతం. క్రిస్టియాన్‌ని తర్వాత్తర్వాత 'నా ఆర్కిమెడిస్' అని మురిసిపోయేవాడు.

గుండ్రాల వల్ల పని సులువు కూడా అయింది. హైగెన్స్ ప్రతి వేసవీ యువరాజుతో పాటు సైన్యం వెంట గుడారాల్లో ఉండేవాడు. మూడేళ్ల పిల్లని గంటసేపు కదలకుండా కూర్చోబెట్టడం ఎవరి తరం? ఆరుగుర్నీ ఒకే భంగిమలో ఒకేసారి చూపించాలంటే ఎవరో ఒకరు ఎప్పుడూ తప్పిపోతారు. విడివిడి గుండ్రాలైతే ఎవరు దొరికినప్పుడు వాళ్లను వేసుకోవచ్చు. చూపుల దిశ, వెలుగు వచ్చే పక్క, తలల కొలత, ఈ మూడూ ముందే ఖాయం చేసుకుంటే చాలు. ఈ మూడింట్లో ఏది తేడా వచ్చినా ఇట్టే బయటపడుతుంది. చాలా కుటుంబ చిత్రాల్లో ఒక పిల్లాడి తల మాత్రం అతికించినట్టు కనిపిస్తుంటే కారణం సాధారణంగా ఇదే: వెలుగు వేరే పక్క నుంచి వస్తుంటుంది.

అతికించినట్టు అంటే గుర్తొచ్చింది. ఫ్రాన్స్ హాల్స్ 1620ల మొదట్లో హార్లెమ్ బట్టల వ్యాపారి వాన్ కాంపెన్ (పైన చెప్పిన చిత్రకారుడు కాదు) కుటుంబాన్ని చాలా పెద్ద చిత్రంగా వేశాడు. తర్వాత పుట్టిన పాపని 1628లో సలోమన్ డె బ్రాయ్ అనే వేరే చిత్రకారుడు ఎడమ కింది మూలన చేర్చి, ఆ పాప చెప్పు అడుగున తన సంతకం పెట్టాడు. బ్రష్షు తీరు వేరని మామూలు కంటికే తెలిసిపోతుంది. ఆ చిత్రం తర్వాతెప్పుడో ముక్కలైంది. పెద్ద ముక్క అమెరికాలోని టొలీడో మ్యూజియంలో, మేకబండి పిల్లల ముక్క బ్రస్సెల్స్‌లో ఉన్నాయి, ఒక పిల్లాడి తల వరకే మిగిలిన ఇంకో ముక్క ప్రైవేటు వ్యక్తుల దగ్గర ఉంది. పెద్ద కుటుంబ చిత్రాలకు ఎప్పుడూ ఉన్న గండం ఇదే. వారసుల ఇంటి గోడ చిన్నదవుతుంది, కత్తి బయటికొస్తుంది. ఒంటరి ముఖంగా, అందమైన పిల్లల గుంపుగా కోసి అమ్మితే డబ్బు కూడా ఎక్కువ. ఆ లెక్కన గుండ్రాల చిత్రం కోయడానికి ఎంత వీలుగా ఉందో చూడండి, ఆరు ముక్కలు తయారుగా ఉన్నాయి. ఎవరూ కోయకపోవడం మన అదృష్టం.

ఏదైనా చిత్రాన్ని కోశారా లేదా అన్నది తేల్చడానికి మంచి గుర్తు బట్టలోనే ఉంటుంది. అప్పట్లో కాన్వాసు అంటే అవిసె నార బట్ట. దాన్ని చట్రం కంటే చిన్నగా కత్తిరించి, అంచుల పొడవునా రంధ్రాలు చేసి, తాడుతో పెద్ద చట్రానికి నాలుగు వైపులా లాగి కట్టేవారు, నవారు మంచం బిగించినట్టు. తాడు లాగిన ప్రతి చోటా నేత దారాలు విల్లులా వంగుతాయి. ఆ మీద జిగురు, పూత పడగానే వంపు అలాగే గడ్డకడుతుంది. ఎక్స్‌రే తీస్తే అంచు పొడవునా అలల వరస కనిపిస్తుంది. మూడు వైపులా అలలుండి నాలుగో వైపు దారాలు తిన్నగా ఉన్నాయంటే, ఆ వైపు కత్తి పడిందేమోనని గట్టిగా అనుమానించాలి. అప్పటి మగ్గం బట్టల కొలత 'ఎల్', అంటే దాదాపు 69 సెంటీమీటర్లు. రెండు మీటర్ల చిత్రాలకు తరచూ రెండు మూడు పట్టీలు కలిపి కుట్టేవారు. ఏటవాలు వెలుతురులో చూస్తే ఆ కుట్టు గీత పైకి తేలుతుంది. దాన్ని పగులు అనుకుని కంగారుపడనక్కర్లేదు.

బట్ట మీద మొదటి పూత జంతు చర్మం ఉడకబెట్టి తీసిన జిగురు, మన వడ్రంగులు వాడే వజ్రం జిగురు లాంటిదే. నూనె నేరుగా నారకి తగిలితే బట్ట కుళ్లుతుంది కాబట్టి ఇది అడ్డుగోడ. కానీ ఈ జిగురుకి తేమ పడదు. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే బిర్రబిగుస్తుంది, దాంతో పైన రంగు పెంకులా లేస్తుంది. దాని మీద రెండు నూనె పూతలు వేయడం మామూలు: గరుకు నింపడానికి కింద జేగురు మట్టి రంగు, దాని మీద సీసపు తెలుపులో కాస్త మసి కలిపిన బూడిద రంగు. ఈ బూడిద రంగు చాలా కీలకం. ముఖాల్లో నీడ నుంచి వెలుగులోకి మారే చోట చిత్రకారుడు కొన్నిసార్లు దాన్నే అలా వదిలేస్తాడు.

ఆ తర్వాత డచ్చివాళ్లు 'చచ్చిన రంగు' అని పిలిచే దశ. మట్టి రంగులతో చిత్రమంతా ఒకసారి మందకొడిగా వేసుకుని, వెలుగు నీడల తూకం చూసుకోవడం. అది ఆరాక ముఖాలు. చర్మానికి సీసపు తెలుపు, ఇంగిలీకం అనే ఎరుపు, పసుపు మట్టి, బుగ్గలకీ పెదవులకీ మంజిష్ఠ వేరు లాంటి వాటి నుంచి తీసిన ఎర్ర సారం. మట్టి రంగులు ఎన్నేళ్లయినా చెక్కుచెదరవు, ఇంగిలీకం ఒక్కోసారి నల్లబడుతుంది. ఎర్ర సారం మాత్రం వెలుతురుకి వెలిసిపోతుంది. డచ్చి చిత్రాల్లో చాలామంది రక్తం లేనట్టు తెల్లగా కనిపించడానికి ఒక కారణం ఇది. ఆ జనం నిజంగా అంత పాలిపోయి ఉండేవారని అనుకోవడం తొందరపాటు.

నల్లబట్టలు ఇంకా కష్టం. పెద్దమనుషుల హోదా అంతా నలుపులోనే ఉండేది. ఖరీదైన రంగు అది, ఒక్కసారి అద్దితే రాదు. దాన్ని చిత్రంలో వేయడానికి ఎముకలు కాల్చిన మసి వాడతారు. అది నూనె ఎక్కువ పీల్చుకుని నెమ్మదిగా ఆరుతుంది. అవతల మడతలు తెలియాలంటే నలుపులో నాలుగు రకాల నలుపు కావాలి: బూడిదతో ఒకటి, గోధుమతో ఒకటి, నీలం ఛాయతో ఒకటి, ఏమీ కలపనిది ఒకటి. వందల ఏళ్లలో రెండు మూడుసార్లు గట్టిగా తుడిచేసరికి పైనున్న పల్చని మడతలన్నీ పోయి, నల్లటి గుడ్డముక్క అతికించినట్టు మిగులుతుంది. మ్యూజియంలో చిత్రం ముందు నిలబడి పక్కకు వంగి చూడండి, మెరుపు కోణం మారినప్పుడు అంతదాకా కనబడని గుండీలూ జరీ అంచులూ ఒక్కోసారి బయటపడతాయి.

కాలరు అన్నిటికంటే చివర. నల్ల కోటు ఆరాక దాని మీద బూడిద రంగుతో కాలరు ఆకారం, ఆ తర్వాత మడత గట్ల మీద మాత్రం చిక్కటి సీసపు తెలుపు. అల్లిక అంచుకి రెండు పద్ధతులు. నలుపు మీద తెల్ల దారాలు ఒక్కొక్కటే గీయడం ఒకటి. తెల్లగా పూసేసి రంధ్రాలను నల్లచుక్కలుగా పెట్టడం రెండోది. రెండోది త్వరగా అవుతుంది, దూరం నుంచి ఇదే నిజం అల్లికలా కనిపిస్తుంది. దగ్గరికెళ్తే అల్లిక లేదు, చుక్కలే ఉన్నాయి.

సీసపు తెలుపు చేసే పద్ధతి కూడా డచ్చివాళ్ల పేరుతోనే ప్రసిద్ధి. వినిగర్ పోసిన కుండల్లో సీసం చుట్టలు పెట్టి, వాటిని గుర్రపు పేడలో కప్పేస్తారు. పేడ వేడికి ఆవిరి లేచి, కొన్ని వారాల్లో సీసం మీద తెల్ల పొక్కు కడుతుంది. దాన్ని గీకి నూరడమే. విషం, నూరేవాడి ఆరోగ్యం గుల్ల. రంగుగా మాత్రం దీన్ని మించింది లేదు, అవిసె నూనెతో కలిసి రాయిలా గట్టిపడుతుంది. తిరకాసు ఏమిటంటే, సీసం నూనెతో నెమ్మదిగా చర్య జరిపి సబ్బు లాంటి పదార్థం అవుతుంది. అది చిన్నచిన్న గింజలై పైరంగును పొడుచుకుని లేస్తుంది. చిత్రం మీద ఇసుక చల్లినట్టుంటుంది. 1990ల్లో ఇదే మౌరిత్స్‌హౌస్‌లో రెంబ్రాంట్ వేసిన డాక్టర్ తుల్ప్ శరీరశాస్త్ర పాఠం చిత్రాన్ని బాగుచేస్తున్నప్పుడు ఈ గింజల్ని లోతుగా పరిశీలించారు. అంతకుముందు ఇలాంటివి కనిపిస్తే దుమ్మనో ఇసుకనో అనుకునేవారు.

మనుషులు బాగుచేయబోయి చేసిన పాడు వేరే ఉంది. 19వ శతాబ్దంలో డచ్చివాళ్లు పాత కాన్వాసు వెనక మైనం, గుగ్గిలం కరిగించి కొత్త బట్ట అతికించే పద్ధతి తెచ్చారు. 1851లో రెంబ్రాంట్ 'నైట్ వాచ్' కూడా ఈ వైద్యం చేయించుకుంది. తేమ బాధ తగ్గిన మాట నిజమే, కానీ మైనం పూతల్లోకి ఇంకి రంగులు నల్లబడ్డాయి, ఇస్త్రీపెట్టె వేడికీ ఒత్తిడికీ మందపాటి బ్రష్షు గీతలు అణిగిపోయాయి. ఆ కాలపు చిత్రం చూసినప్పుడు రంగు మరీ చదునుగా, మేకప్ వేసినట్టు ఉంటే చిత్రకారుణ్ణి తిట్టుకునే ముందు ఇస్త్రీపెట్టెను అనుమానించండి.

కుటుంబ చిత్రాలు చూసేటప్పుడు ఎక్కువమంది పొరపడేది వయసు దగ్గర. 'ఈటాటిస్ 44' అని రాసి ఉంటే నలభై నాలుగేళ్లు అనుకుంటారు. మామూలుగా దాని లెక్క మన బామ్మల లెక్కే: నలభై నాలుగో ఏడు నడుస్తోంది, నిండినవి నలభై మూడు. 1596 సెప్టెంబరులో పుట్టిన హైగెన్స్‌కి 1640 వేసవిలో ఈ లెక్కన 44. ఈ ఒక్క ఏడు తేడాతో పుట్టిన తేదీ కుదరక, చిత్రంలో ఉన్నది ఇంకో కుటుంబం అని కొట్టేసిన సందర్భాలు కూడా వస్తాయి. గుర్తింపు ఎప్పుడూ అంత సులువు కాదు. హాల్స్ వేసినవే, లండన్‌లో, మాడ్రిడ్‌లో ఉన్న పెద్ద కుటుంబ చిత్రాల్లో మనుషులెవరో ఇప్పటికీ తేలలేదు. హైగెన్స్ చిత్రానికి ఆ బాధ లేదు.

రెండో పొరపాటు బట్టల దగ్గర. ఆరేడేళ్ల దాకా మగపిల్లలకూ పావడాలే. గౌను వేసుకుంది కాబట్టి ఆడపిల్ల అని రాసేస్తే తప్పే అవుతుంది. ముందువైపు గుండీల వరస, చేతిలో కొల్ఫ్ అనే ఆట కర్ర, వెడల్పు కాలరు ఉంటే మగపిల్లాడని అనుమానించాలి. మనవాళ్లు చంటి మగపిల్లాడికి జడ వేసి పువ్వులు పెట్టి ఫొటో తీయించేది ముచ్చటకి, వాళ్లకు అది రోజూ బట్టలు. పసిపిల్లల చేతిలో వెండి గిలక్కాయకి పగడం ముక్క కట్టి ఉంటుంది. పళ్లొచ్చేటప్పుడు కొరకడానికీ పనికొస్తుంది, చెడు చూపు తగలకుండానూ. దిష్టి విషయంలో హేగ్‌కీ మనకీ పెద్ద తేడా ఏం లేదు. ద్రాక్షగుత్తిని కాడ పట్టుకుని ఉంటే శీలానికీ, ఇంటి ఇల్లాలికీ గుర్తు. కుక్కకి విద్య నేర్పుతున్న పిల్లాడు కనబడితే అది పిల్లల పెంపకం గురించి. ఇవన్నీ తెలిసినా ప్రతి కుక్కలోనూ తాత్పర్యం వెతకడం మంచిది కాదు, కొన్ని ఉత్త కుక్కలే.

పండితుల చిత్రాల్లో మనకి సూటిగా తగిలే వస్తువు ఒకటుంది. 17వ శతాబ్దం రెండో సగంలో డచ్చి పండితులు 'యపోన్‌సె రోక్', అంటే జపాన్ కోటు అనే వదులు అంగీలో చిత్రాలు వేయించుకోవడం మొదలైంది. వెర్మీర్ వేసిన ఖగోళ పండితుడూ, భూగోళ పండితుడూ ఆ అంగీలోనే ఉంటారు. అసలు సిసలు జపాన్ పట్టు కోట్లు దొరకడం కష్టం. అందుకని కోరమండల్ తీరం నుంచి వచ్చిన అద్దకపు నూలు బట్టతో, డచ్చివాళ్లు 'సిట్స్' అని పిలిచే దానితో, అలాంటివి కుట్టించుకునేవారు. చిరువేరు ఎరుపు, నీలిమందు, మైనం ఆపి వేసిన తెల్ల గీత. మచిలీపట్నంలో డచ్చి కంపెనీ 17వ శతాబ్దం మొదట్లోనే కాలూనింది, ఖమ్మం దగ్గర నాగులవంచలోనూ వాళ్లకు స్థావరం ఉండేది. హన్నెమాన్ చిత్రం నాటికి ఈ మోజు ఇంకా రాలేదు కాబట్టి దాంట్లో వెతకొద్దు. ఆ ఓడల్లో వెళ్లిన నీలిమందు మాత్రం చిత్రకారులకూ చేరింది. అద్దకంలో అంత గట్టిగా నిలిచే నీలిమందు నూనెలో వెలుతురుకి వెలిసిపోతుంది. హాల్స్ 1627లో వేసిన హార్లెమ్ సైనికుల చిత్రంలో నీలం పట్టీలు పాలిపోయింది అందుకే.

పిల్లలు ఏమయ్యారో చెప్పకపోతే 'స్వాస్థ్యం' లెక్క తేలదు. పెద్దవాడు తండ్రి ఉద్యోగంలోకే వచ్చి మూడో విలియంకి కార్యదర్శి అయ్యాడు. లోడెవైక్ గోరిన్‌ఖెమ్‌లో అధికారి అయి లంచాల ఆరోపణల్లో ఇరుక్కున్నాడు. ఫిలిప్స్ 1657లో చిన్న వయసులోనే పోయాడు. తల్లి ముఖం ఎరగని సుజానా అందరికంటే ఎక్కువ కాలం, 1725 దాకా బతికింది. తండ్రి తొంభై ఏళ్లు బతికి 1687లో పోయాడు. ప్లైన్ మీది ఇల్లు 1876లో కూల్చేశారు. అది ఉన్న చోటు మౌరిత్స్‌హౌస్‌కి ఆనుకునే ఉంటుంది, అంటే చిత్రం తన పాత ఇంటి పక్కింట్లోనే వేలాడుతోంది. ఆయన ఊరి బయట కట్టించుకున్న హోఫ్‌వైక్ అనే నీళ్ల మధ్య ఇల్లు మాత్రం ఫోర్‌బుర్గ్‌లో మ్యూజియంగా నిలబడి ఉంది.

చిత్రంలో ఉన్న ఇద్దరు పెద్దపిల్లలు, కాన్‌స్టాంటైన్, క్రిస్టియాన్, కలిసి తమ చేతులతో కటకాలు అరగదీయడం నేర్చుకున్నారు. వాటిలో ఒకటి ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉంది. దాని అంచు మీద 1655 ఫిబ్రవరి 3 అనే తేదీ, దానితోపాటు రోమన్ కవి ఓవిడ్ నుంచి తీసుకుని కాస్త మార్చిన ఒక లాటిన్ పాదం చెక్కి ఉన్నాయి: దూరాన ఉన్న నక్షత్రాలను మన కళ్ల దగ్గరికి తెచ్చారు. ఆ మార్చి 25న ఆ కటకం బిగించిన దూరదర్శినితో క్రిస్టియాన్ శనిగ్రహం పక్కన ఒక చుక్కని చూశాడు, ఇప్పుడు మనం టైటాన్ అంటున్నది దాన్నే. ఇంకెవరూ ముందుగా తమదనకుండా, అలాగని అప్పుడే బయటపెట్టకుండా, ఆ పాదానికే కొన్ని అక్షరాలు చేర్చి అక్షరాల చిక్కుముడిగా మిత్రులకు పంపాడు. అక్షరాలను తిరగవేస్తే వచ్చే వాక్యం ఇది: శని చుట్టూ దాని చంద్రుడు 16 రోజుల 4 గంటలకు ఒకసారి తిరుగుతాడు. ఈనాటి లెక్కకు అది ఐదు గంటల పైచిలుకు ఎక్కువ.